ఈసారి హంస ఎవరు?



వేసవి సీజన్ దగ్గరపడుతోందంటే న్యూయార్క్ చుట్టుపక్కల ఉన్న బ్యాలే అభిమానులందరికీ ఒకటే ధ్యాస. జాబితా వచ్చిందా? ఏ తేదీన ఏ బ్యాలే వేస్తున్నారు, అందులో ఏ పాత్ర ఎవరు చేస్తున్నారు, అదీ ఆ జాబితా. తేదీ, పక్కన ఒక పేరు, దాని పక్కన ఇంకో పేరు. అంతకుమించి వివరణ ఒక్క ముక్క ఉండదు. అయినా దాన్ని మేం గంటల తరబడి చదువుకుంటాం. శనివారం రాత్రి ఎవరికిచ్చారు, బుధవారం మధ్యాహ్నం ఎవరికిచ్చారు, నిరుడు అంత చక్కగా కుదిరిన జంటను ఎందుకు విడదీశారు, ఇన్నాళ్ళుగా వెనక వరసలో ఓపిగ్గా నిలబడుతున్న ఆ అమ్మాయికి ఈసారైనా ఇచ్చారా, లేదా?

నేనుండేది న్యూజెర్సీలో. రైలెక్కి హడ్సన్ నది దాటి, సబ్‌వేలో 66వ వీధి దగ్గర దిగితే లింకన్ సెంటర్ వస్తుంది. మేం మెట్ అని పిలుచుకునే అక్కడి మెట్రోపాలిటన్ ఆపెరా హౌస్‌లో వేసవిలో అమెరికన్ బ్యాలే థియేటర్ ప్రదర్శనలుంటాయి. అదే ఆవరణలో ఇంకో పక్కనున్న థియేటర్ న్యూయార్క్ సిటీ బ్యాలేది. మొదటివాళ్ళు ప్రధాన పాత్రలు ఎవరివో ముందుగానే చెప్పేస్తారు, రెండోవాళ్ళు ప్రదర్శనలకు కొద్ది రోజుల ముందు దాకా చెప్పరు. మెట్‌లో నేను పై అంతస్తులో కూర్చుంటాను. టికెట్ చవక. పైగా బృందం వరసలు తీరడం అక్కణ్ణుంచి కనిపించినంత బాగా కింద ముందు సీట్లలోంచి కనిపించదు.

ఏళ్ళ తరబడి ఇలా చూస్తూ వచ్చాక, పాత్రలు పంచేవాళ్ళను నేను కోరుకునేది ఒకటి మిగిలింది. కొత్తవాళ్ళకు పెద్ద పాత్ర ఇవ్వండి. ఇచ్చినప్పుడు ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకోకుండా రెండోసారి, మూడోసారి ఇవ్వండి. ఆ పాత్రలో మా కళ్ళకు అలవాటు లేని మనుషులకు ముందుగా ఇవ్వండి. ఇదే నేనివాళ మీ ముందు పెట్టదలచుకున్న మాట.

బ్యాలేతో పరిచయం లేనివారి కోసం కాస్త వివరంగా చెబుతాను. అందరూ పేరైనా వినే ఉండే స్వాన్ లేక్‌నే తీసుకుందాం. చైకోవ్‌స్కీ సంగీతం. మాంత్రికుడి శాపం వల్ల పగలు హంసగా, రాత్రి మనిషిగా బతికే రాకుమారి ఓడెట్. ఆమెను ప్రేమించిన రాకుమారుణ్ణి మోసం చెయ్యడానికి మాంత్రికుడు అచ్చం ఆమెలాగే కనిపించే తన కూతురు ఓడీల్‌ను పంపుతాడు. తెల్ల హంస, నల్ల హంస రెండూ ఒకే నర్తకి చెయ్యాలి. ఒకరేమో బెదిరిన ప్రాణి, చేతులు చాచడంలోనే దిగులంతా తెలియాలి. ఇంకొకరు గెలవడానికే వచ్చిన మనిషి, నవ్వుతూ గొంతు కోసే రకం. రాత్రి ఇంత పని చేసిన నర్తకి మర్నాడు మళ్ళీ చెయ్యడమంటే కాళ్ళు, నడుం ఒప్పుకోవు. మెట్‌లో మధ్యాహ్నం ఆటలతో కలిపి వారానికి ఏడెనిమిది ప్రదర్శనలుంటాయి. కనుక ఒక్క వారానికే పలువురు ఓడెట్‌లు కావాలి, వాళ్ళకు తగిన రాకుమారులు కావాలి.

తగిన అంటే మొదట చూసేది ఎత్తు. పాయింట్ షూ వేసుకుని వేళ్ళ కొసల మీద లేచిందంటే నర్తకి దాదాపు జానెడు పెరుగుతుంది. అప్పుడు పక్కనున్న అబ్బాయి ఆమెకన్నా పొట్టిగా కనపడకూడదు. నడుం పట్టుకుని తిప్పేటప్పుడు ఆమె మోచెయ్యి అతని ముక్కుకు తగలకూడదు. పొడుగు అబ్బాయిలు తక్కువగా ఉన్న కంపెనీలో పొడుగు అమ్మాయి ఎంత బాగా చేసినా పెద్ద పాత్ర రావడం కష్టం. చేతులు అడ్డంగా పెనవేసుకుని చేసే నాలుగు చిన్న హంసలకు పొట్టివాళ్ళు, పెద్ద హంసలకు పొడుగువాళ్ళు. ఆపైన గాయాలు. మడమ పట్టేసినవాళ్ళు, వెన్ను నొప్పివాళ్ళు, ఇవాళ లేచి రేపు పడుకునేవాళ్ళు. డైరెక్టర్ బల్ల మీద ఈ లెక్కలన్నీ ఉంటాయని నాకు తెలుసు. అందుకే జాబితాలో నాకు నచ్చనిది కనపడగానే తిట్టిపోసేవాళ్ళతో నేను గొంతు కలపను.

ఈ పంపకం మనుషుల బతుకుల్లో ఎంత లోతుకు దిగుతుందో మాస్కోలో ఒకసారి లోకమంతా చూసింది. 2013 జనవరిలో బోల్షాయ్ బ్యాలే డైరెక్టర్ సెర్గేయ్ ఫీలిన్ ముఖం మీద యాసిడ్ పోశారు. ఆ నేరంలో అదే బోల్షాయ్ నర్తకుడు పావెల్ దిమిత్రిచెంకోకు ఆ ఏడాది డిసెంబర్‌లో కోర్టు ఆరేళ్ళ శిక్ష వేసింది. ఎవరికి ఏ పాత్ర దక్కింది, ఎవరికి దక్కలేదు అన్న కక్షలు ఆ విచారణలో బయటపడ్డాయి. అందులో స్వాన్ లేక్ పేరు కూడా వచ్చింది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

అసలు పాత్ర ముందు పుట్టి మనిషి తర్వాత వస్తారని మనం అనుకుంటాం. బ్యాలేలో చాలాసార్లు మనిషిని బట్టే పాత్ర పుట్టింది. నల్ల హంస మూడో అంకంలో ఒంటికాలి మీద లేచి, రెండో కాలు విసురుతూ 32 చుట్లు తిరుగుతుంది. హాల్లో జనం లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఈ బ్యాలే 1877లో మాస్కోలో మొదటిసారి వేసినప్పుడు అవి లేవు. 1895లో పీటర్స్‌బర్గ్‌లో మారియస్ పెతిపా, లెవ్ ఇవనోవ్ కొత్తగా కూర్చినప్పుడు ఆ పాత్ర మిలాన్ నుంచి వచ్చిన పియెరీనా లెన్యానీకి ఇచ్చారు. 32 చుట్లు ఆమె సొంత విద్య. అంతకు రెండేళ్ళ ముందే సిండ్రెల్లాలో చేసి అక్కడివాళ్ళను ఆశ్చర్యపరిచింది. ఉన్న విద్యను వాడుకుందామని పెట్టిన అంశం అది. ఇప్పుడు ఓడీల్ వేషం కట్టిన ప్రతి అమ్మాయికీ అదే పరీక్ష అయి కూర్చుంది. 28 దగ్గర ఆగిందనుకోండి, అంతకుముందు రెండో అంకంలో ఆమె ఎంత గుండె కరిగించినా బయటికొచ్చేటప్పుడు జనం మాట్లాడుకునేది ఆ నాలుగు చుట్ల గురించే. మాయా ప్లిసెత్‌స్కాయా అంతటి ఆవిడ ఆ చుట్ల బదులు వేదిక చుట్టూ దూసుకుపోయే అడుగులు వేసేది. ఆవిడ ఓడీల్‌కు దానివల్ల ఏం తక్కువైంది? ఈ సీజన్‌లో ఎవరైనా డైరెక్టర్ అలాంటి ధైర్యం చేసి, చుట్లు రాకపోయినా తెల్ల హంసగా పుట్టిన నర్తకికి ఆ పాత్ర ఇస్తే నేను టికెట్ కొని మరీ నిలబడి చప్పట్లు కొడతాను.

ఇప్పుడు బుధవారం మధ్యాహ్నం దగ్గరికొస్తాను. కొత్తవాళ్ళను పెద్ద పాత్రలో మొదటిసారి దింపడానికి అక్కడ వాడే పూట అది. సాయంత్రం పెద్ద పేర్లుంటాయి, విమర్శకులు వస్తారు, ఖరీదైన టికెట్లు అమ్ముడవుతాయి. మధ్యాహ్నం పిల్లలు, రిటైరైన పెద్దవాళ్ళు, మాలాంటి కొందరు. ఒత్తిడి తక్కువ కనుక ఆ ఏర్పాటు నాకు నచ్చుతుంది. నచ్చనిదల్లా ఆ తర్వాత జరిగేది. నెలల తరబడి సాధన చేసి, ఒక్క మధ్యాహ్నం చేశాక ఆ అమ్మాయి మళ్ళీ బృందంలోకి వెళ్ళిపోతుంది. ఆ పాత్ర మళ్ళీ చేతికొచ్చేది ఏడాదికో రెండేళ్ళకో, లేదా ఎప్పటికీ రాదు.

ఒక మధ్యాహ్నం అలా జిజెల్ అనే బ్యాలేలో మొదటిసారి నాయిక పాత్ర చేసిన ఒక యువ నర్తకిని చూశాను. పేరు చెప్పను. మొదటి అంకంలో ప్రతి అడుగూ సరిగ్గా ఉంది. కానీ కళ్ళు మాత్రం ఒక్క క్షణం ముందుకు వెళ్ళిపోతున్నాయి, రాబోయే కష్టమైన చోటు వైపు. ప్రేమించినవాడు మోసం చేశాడని తెలిసి మతి చలించే ఘట్టంలో జడ విప్పుకుంటుంది జిజెల్. పిన్ను ఒకటి చిక్కుకుంది. విదిలించి లాగింది, ఆ రెండు క్షణాలు పాత్ర పోయి ఆ అమ్మాయి భయం కనిపించింది. తర్వాతి సీజన్‌లో ఎవరికో గాయమై ఆమెకే మళ్ళీ అవకాశం వచ్చింది. నేను వెళ్ళాను. ఈసారి జుట్టు విప్పుకోవడం తనకే తెలియనట్టు చేసింది. చేతులు జుట్టులో ఉన్నాయి, చూపు తల్లి మీద ఉంది. పువ్వు రేకులు తుంపే అభినయంలో, లేని రేకులను లెక్కపెడుతూ ఒకచోట ఆగి, మళ్ళీ మొదటికి వచ్చింది. మొదటిసారి చూసినప్పుడు అది లేదు. ఎవరు నేర్పారో, తనే కనిపెట్టుకుందో. మూడోసారి చూసే అదృష్టం నాకు రాలేదు, ఎందుకంటే మూడోసారి ఆమెకు రాలేదు. పోస్టర్ మీద పేరున్నవాళ్ళు వందసార్లు చేసి పండించుకున్నదాన్ని ఈ పిల్లలు ఒక్క మధ్యాహ్నంలో పండించాలని మనం అడగడం న్యాయమా?

పేరున్నవాళ్ళ సంగతి వచ్చింది కనుక 1965 కథ చెప్పాలి. నా మనసులో పాత్రల పంపకం అనగానే మెదిలేది అదే.

లండన్ రాయల్ బ్యాలేకి కెనెత్ మాక్‌మిలన్ తన మొట్టమొదటి మూడంకాల బ్యాలేగా రోమియో జూలియెట్ కూర్చాడు. సంగీతం ప్రొకోఫియెవ్‌ది. జూలియెట్‌గా లిన్ సీమోర్‌ను, రోమియోగా క్రిస్టఫర్ గేబుల్‌ను ముందు పెట్టుకుని, వాళ్ళ శరీరాల మీద, వాళ్ళ తొందర మీద, వాళ్ళ తిక్క మీద ఒక్కొక్క అడుగూ కట్టాడు. సీమోర్ కెనడా అమ్మాయి. అప్పటికి పాతికేళ్ళు. బ్యాలే అమ్మాయి అనగానే జనం ఊహించే సన్నని గీతలాంటి రూపం కాదామెది. నటన మాత్రం ఒళ్ళంతా నిండి ఉండేది. తీరా 1965 ఫిబ్రవరి 9న తెర లేచినప్పుడు జూలియెట్‌గా వచ్చింది మార్గో ఫాంటెయిన్. రోమియో రుడాల్ఫ్ నూరెయెవ్. అమెరికా పర్యటన ఏర్పాటు చేస్తున్న సోల్ హ్యూరాక్‌కు అక్కడ టికెట్లు తెగే పేర్లు కావాలి. సీమోర్, గేబుల్ వెనక్కి జరగాల్సి వచ్చింది. తాము పుట్టించిన అడుగుల్ని తామే మిగతా జంటలకు నేర్పాల్సి వచ్చింది.

మొదటి రాత్రి జనం 40 నిమిషాలు చప్పట్లు కొట్టారు. 43 సార్లు తెర ముందుకు పిలిపించుకున్నారు. నూరెయెవ్‌నీ ఫాంటెయిన్‌నీ చూసి ఆనందించినవాళ్ళను నేను తప్పు పట్టను. వాళ్ళిద్దరితో తీసి 1966లో విడుదల చేసిన సినిమా ఉంది, నేను ఎన్నోసార్లు చూశాను. మొదటి రాత్రి నాటికే ఫాంటెయిన్‌కు 45 ఏళ్ళు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లగా ఆమె పరిగెత్తుకొచ్చే తీరు నమ్మించేస్తుంది.

అయినా ఒక చోట నా మనసు సీమోర్ దగ్గరికే పోతుంది. మూడో అంకంలో తల్లిదండ్రులు తాము చూసిన వరుడు పారిస్‌ను పెళ్ళాడి తీరాలని శాసించి వెళ్ళిపోతారు. జూలియెట్ మంచం చివర కూర్చుంటుంది. మనవైపు ముఖం, పాదాలు రెండూ దగ్గరగా, చేతులు ఒళ్ళో. ఆర్కెస్ట్రా ఒక్కసారిగా పొంగుతుంది. మామూలుగా అంత సంగీతం వచ్చినప్పుడు బ్యాలెరినా ఎగరాలి, తిరగాలి, వేదికంతా నింపాలి. మాక్‌మిలన్ ఇక్కడ ఆమె చేత ఏమీ చేయించడు. కదలదు. కనురెప్ప కూడా వెయ్యదేమో అనిపిస్తుంది. ఆ పిల్ల బుర్రలో ఆలోచన పుట్టి, పెరిగి, నిర్ణయం కావడం మనం కూర్చుని చూస్తాం. చివర్లో లేచి, శాలువా లాక్కుని, పాదిరీ దగ్గరికి పరుగు. నాట్యం చెయ్యకుండా ఒక నర్తకి హాలంతటినీ పట్టి ఉంచగలదని నమ్మినవాడే ఆ ఘట్టాన్ని అలా కూర్చగలడు. సీమోర్‌ను చూసి కలిగిన నమ్మకం అది. ఇవాళ ఏ దేశంలో ఏ జూలియెట్ ఆ మంచం మీద కూర్చున్నా సీమోర్ కూర్చున్న చోటే కూర్చుంటోంది. మొదటి రాత్రి మాత్రం ఆమెకు దక్కలేదు.

మాక్‌మిలన్ మరుసటి ఏడాదే బెర్లిన్ వెళ్ళిపోయాడు, సీమోర్ కూడా అతనితో వెళ్ళింది. గేబుల్ 1967లో రాయల్ బ్యాలే వదిలి నటనలోకి మళ్ళాడు. ఒక్క జాబితాతో ఒక కంపెనీ ముగ్గురిని పోగొట్టుకుందని నేనంటే కొందరు అతిగా అనుకోవచ్చు. నాకలాగే అనిపిస్తుంది.

ఇక్కడే న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఫాంటెయిన్, నూరెయెవ్ జంట కూడా ఒకప్పుడు ఎవరూ ఊహించని పంపకమే. 1961 జూన్‌లో పారిస్ విమానాశ్రయంలో సోవియట్ బృందాన్ని వదిలేసి వచ్చిన 23 ఏళ్ళ కుర్రాడు అతను. ఆమెకు 42. ఇక విరమించుకుంటుందనే అంతా అనుకుంటున్నారు. రాయల్ బ్యాలే డైరెక్టర్ నినెట్ ద వలువా వాళ్ళిద్దరినీ 1962 ఫిబ్రవరిలో జిజెల్‌లో జతకట్టింది. ఆ ఒక్క ఆలోచన ఫాంటెయిన్‌కు ఇంకో పదిహేనేళ్ళు పైగా వేదిక మీద జీవితాన్నిచ్చింది. అదే జంట మూడేళ్ళు తిరిగేసరికి ఇంకో జంట దారికి అడ్డమైంది. అలవాటు ఎంత త్వరగా గట్టిపడుతుందో చూడండి.

న్యూయార్క్‌లో అందుకు పూర్తిగా ఎదురు నడిచిన సంగతి ఒకటుంది. 1934లో జార్జ్ బాలన్‌చీన్ తన కొత్త బడి పిల్లలతో సెరెనేడ్ మొదలుపెట్టాడు. మొదటి రోజు 17 మంది అమ్మాయిలు వచ్చారు, 17 మందికి సరిపోయేలా కూర్చాడు. ఇంకో రోజు తొమ్మిది మందే వచ్చారు, తొమ్మిది మందికే కూర్చాడు. ఒకమ్మాయి ఆలస్యంగా వచ్చింది, ఒకమ్మాయి పడిపోయింది. రెండూ బ్యాలేలో ఉండిపోయాయి. తారలు లేని రోజున వచ్చినవాళ్ళతో చేసిన ఆ పని ఇప్పటికీ న్యూయార్క్ సిటీ బ్యాలేకి ప్రాణం.

మెట్‌లో ప్రోగ్రాం పుస్తకం తెరవగానే అప్పుడప్పుడు అరచెయ్యంత తెల్ల కాగితం ఒళ్ళో పడుతుంది. ఈ ప్రదర్శనలో ఫలానా పాత్ర ఫలానావారి బదులు ఫలానావారు చేస్తారు. అంతే ఉంటుంది. హాల్లో ఉస్సూరనే చప్పుడు వరస వెంట వరసగా వినిపిస్తుంది, డబ్బు పోసి ఒక పేరు కోసం వచ్చినవాళ్ళది. నాకు మాత్రం గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ చీటీ వల్లే వెలుగులోకి వచ్చినవాళ్ళు ఎందరో. పారిస్ ఆపెరా బ్యాలే సంగతే చూడండి. అక్కడ నర్తకుల హోదాకు అయిదు మెట్లుంటాయి. కింద కద్రీల్, పైన ఎత్వాల్, అంటే తార. ఆ పై మెట్టు పరీక్షతో రాదు, డైరెక్టర్ ప్రకటిస్తేనే వస్తుంది. 2023 మార్చిలో ఆ కంపెనీ సియోల్ నగరంలో జిజెల్ వేస్తోంది. గాయపడిన ఒక తార స్థానంలో గియోమ్ జోప్ చేశాడు. ప్రదర్శన ముగియగానే అక్కడే వేదిక మీద అతన్ని ఎత్వాల్‌గా ప్రకటించారు. మధ్యలో ఉండాల్సిన ఒక మెట్టు దాటించేశారు. ఆ సంస్థలో మొదటి నల్లజాతి ఎత్వాల్ అతనే.

ఆ మొదటి అన్న మాటకు 2023 దాకా ఆగాల్సి రావడం గురించి ఆలోచించండి. కళ్ళ అలవాటు అని నేనన్నది ఇదే. రాకుమారుడంటే పొడుగ్గా ఉండాలి, హంస అంటే తెల్లగా ఉండాలి. బరీష్నికోవ్ లాంటి నర్తకుడికే లెనిన్‌గ్రాడ్‌లో పొట్టి అన్న పేరు అడ్డమొచ్చేది. 1974 జూన్‌లో సోవియట్ బృందాన్ని వదిలి టొరంటోలో ఉండిపోయి, నెల తిరిగేసరికి న్యూయార్క్‌లో నతాలియా మకారోవాతో జిజెల్ చేశాడు. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్ళెవరూ ఎత్తు గురించి మాట్లాడలేదు. తెలుగువాళ్ళకు ఇది విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామగా జడ పట్టుకుని తెర వెనక నుంచి వచ్చినప్పుడు మగవాడు, ఆడది అన్న ఆలోచన ఎవరికి మిగిలింది? ఒంటి తీరుకు, పాత్రకు మధ్య విద్య ఒకటుందని కూచిపూడి వీధుల్లో ఎప్పుడో తేలిపోయింది.

అమెరికాలో రేవెన్ విల్కిన్‌సన్ అనే నల్లజాతి నర్తకి 1955లో బ్యాలే రూస్ ద మోంటే కార్లోలో చేరింది. దక్షిణాది ఊళ్ళకు వెళ్ళినప్పుడు హోటళ్ళలో ఉండనివ్వలేదు, బెదిరింపులు వచ్చాయి. చివరికి ఆమె నాట్యం చేసుకోవడానికి హాలండ్ వెళ్ళాల్సి వచ్చింది. 1957లో బాలన్‌చీన్ ఆగాన్ అనే బ్యాలేలో నల్లజాతి నర్తకుడు ఆర్థర్ మిచెల్‌ను, తెల్లజాతి నర్తకి డయానా ఆడమ్స్‌ను జతకట్టాడు. ఆ రోజుల్లో ఆ చేతులు కలవడమే పెద్ద సంగతి. 2015 జూన్‌లో మిస్టీ కోప్‌లండ్ మెట్‌లో ఓడెట్, ఓడీల్ చేసింది. పూలు ఇవ్వడానికి వేదిక మీదికి వచ్చినవాళ్ళలో విల్కిన్‌సన్ ఉంది. అప్పటికి ఎనభయ్యేళ్ళ మనిషి. వారం తిరక్కుండా కోప్‌లండ్ ప్రిన్సిపల్, అంటే ప్రధాన నర్తకి అయింది. అమెరికన్ బ్యాలే థియేటర్ అప్పటి 75 ఏళ్ళ చరిత్రలో ఆ స్థాయికి వచ్చిన మొదటి నల్లజాతి స్త్రీ. విల్కిన్‌సన్‌కు దక్కని రాత్రులెన్నో! వాటిని ఇప్పుడు ఎవరు తిరిగి ఇవ్వగలరు?

మనకు నేరుగా తగిలే బ్యాలే ఒకటుంది, లా బయదేర్. పెతిపా 1877లో పీటర్స్‌బర్గ్‌లో వేశాడు. కథ జరిగేది భారతదేశంలో. గుడి నర్తకి నికియా, ఆమెను ప్రేమించిన క్షత్రియుడు సొలోర్, రాజకుమార్తె గంజాత్తి. ఆ రాజు ఎవరనుకున్నారు? గోల్కొండ రాజు. కుతుబ్‌షాహీల కోటకు దుగ్మంత అనే పేరుగల హిందూ రాజును తెచ్చి కూర్చోబెట్టారు. వజ్రాల ఊరని ఐరోపా అంతటా వినపడ్డ పేరు కాబట్టి వాడుకున్నారు. హైదరాబాదు వాళ్ళు ఈ బ్యాలే చూస్తే ఎక్కడి గోల్కొండ, ఎక్కడి మంచు కొండలు అని ఆశ్చర్యపోతారు.

విచిత్రమేమిటంటే, అసలైన దేవదాసీలు అంతకు ఎంతో ముందే పారిస్ చూసి వచ్చారు. 1838లో పుదుచ్చేరి ప్రాంతంలోని తిరువేందిపురం నుంచి ఒక చిన్న మేళం వెళ్ళింది. వాళ్ళలో ముఖ్యమైన నర్తకి అమణి. తర్వాత జిజెల్ కథ రాసినవాళ్ళలో ఒకడైన తియోఫిల్ గొతియే ఆమెను చూసి మురిసిపోయి పత్రికలో రాశాడు. ఆ తర్వాత బ్యాలేలో నికియాలు ఎందరో వచ్చారు, అమణి ఊరివాళ్ళెవరూ ఆ పాత్ర దరిదాపులకు రాలేదు. గోధుమరంగు పూసుకున్నవాళ్ళు, నల్లరంగు పూసుకున్న పిల్లలు వచ్చారు. 2019 డిసెంబర్‌లో బోల్షాయ్ పిల్లల అలాంటి ఫొటోను కోప్‌లండ్ జనం ముందు పెట్టినప్పుడు గొడవ జరిగింది. బోల్షాయ్ తన పద్ధతి మార్చుకోనంది. లండన్‌లో శోభనా జయసింగ్ 2015లో ఇదే కథను, అమణి చరిత్రను కలిపి తన నృత్యంగా చేసింది.

బయదేర్‌ను అటకెక్కించమనేవాళ్ళున్నారు. నేను ఆ మాట అనలేను. ఆ రంగులు తీసేయండి, ఫకీరుల పిచ్చి గంతులు తగ్గించండి, బంగారు విగ్రహం నాట్యాన్ని పొట్టి కుర్రాళ్ళకే రాసిపెట్టకండి, మన పిల్లల్లో ఎవరైనా ఆ స్థాయికి వచ్చినప్పుడు నికియా ఇవ్వడానికి వెనకాడకండి. ముంబయి, ఢిల్లీ నుంచి కుర్రాళ్ళు లండన్ బడుల దాకా వెళ్తున్న రోజులివి. న్యూజెర్సీలో మా వీధిలోనే తెలుగువాళ్ళ ఆడపిల్లలు శనివారం పొద్దున కూచిపూడికి, సాయంత్రం బ్యాలేకి వెళ్తున్నారు. వాళ్ళలో ఒకరు పదిహేనేళ్ళ తర్వాత ఆ జాబితాలో ఉంటే ఎంత బాగుంటుంది!

బయదేర్‌ను నేను వదులుకోలేకపోవడానికి కారణం ఛాయల ఘట్టం. నికియా చనిపోయింది. సొలోర్ నల్లమందు మత్తులో ఆమెను కలగంటాడు. చీకట్లో, వెనక వాలు మీద, తెల్లబట్టల్లో ఒక అమ్మాయి కనిపిస్తుంది. ఒక కాలు వెనక్కి చాచి ముందుకు వంగుతుంది, లేచి వెనక్కి వాలుతుంది, రెండడుగులు వేస్తుంది. ఆమె వెనక ఇంకొకరు. ఇంకొకరు. మకారోవా న్యూయార్క్‌లో పెట్టిన పద్ధతిలో 24 మంది, పీటర్స్‌బర్గ్‌లో 32 మంది. అందరూ దిగేసరికి వేదిక నిండిపోతుంది. ఇందులో అందరికంటే ముందు దిగే అమ్మాయికి ఆ భంగిమ అందరికంటే ఎక్కువసార్లు చెయ్యాల్సి ఉంటుంది. ముందు ఎవరూ లేరు, చూసి అనుసరించడానికి లేదు. వాలు మీద ఒంటికాలు నిలపాలి. ఆమె వణికితే వెనకున్న వరస మొత్తానికి తెలుస్తుంది. ఆమె తీరుగా వెళ్తే ఆ కల నిలబడుతుంది. పై అంతస్తు నుంచి చూస్తే ఆమె నిలబెట్టిన వేగంలోనే మిగతావాళ్ళంతా నడుస్తుంటారు.

జాబితాలో నికియా పేరుంటుంది, సొలోర్ పేరుంటుంది, గంజాత్తి పేరుంటుంది, మూడు సోలో ఛాయల పేర్లుంటాయి. ఈ అమ్మాయి పేరు బృందంలో కలిసిపోయి ఉంటుంది. ఏ పూట ఎవరు ముందు దిగారో ప్రోగ్రాం పుస్తకం చూసి తెలుసుకునే దారి లేదు. ఈసారి బయదేర్ వేసేవాళ్ళు నికియా పేరున్న పేజీలోనే మొదటి ఛాయ అని ఒక వరస వేసి ఆ అమ్మాయి పేరు పెట్టాలి. బుధవారం మధ్యాహ్నం కూడా పెట్టాలి.